స్వీటీ ఏం తిన్నది?

పోయిన వారం ఇశ్రాయేలు కుటుంబాన్ని మనం మంచి ఇరకాటంలో వదిలేసి వచ్చాం. ఉప్పుగూడ రైల్వే స్టేషన్ వెనక గల్లీలో, సోమవారం తెల్లారేసరికి, మంచం కింద నుంచి లేవలేని స్వీటీ చుట్టూ ముగ్గురూ నిలబడి ఉన్నారు. స్వీటీ అంటే కుక్క. గోధుమరంగు నాటు కుక్క. ఆదివారం సాయంత్రమే దాని కాళ్లు తడబడ్డాయి, నోటి వెంట నురగ కారింది, రెండుసార్లు వాంతి చేసుకుంది. ఛత్రినాకలో పశువుల డాక్టరు దగ్గరికి మోసుకుపోయి, "ఎలుకల మందు పెట్టారు సార్" అని చెప్పి, సూదులు వేయించి తెచ్చారు.

పెట్టిందెవరన్న దానిలో ఇంట్లో ఎవరికీ రవ్వంత అనుమానం లేదు. పక్కింటి బర్రెల వైకుంఠం! పదిహేను రోజుల కిందట, స్వీటీ తన దూడ వెంట పడిందని, "ఇంకోపారి నా దొడ్లకి వచ్చిందో, ఎలుకల మందు పెట్టి సంపుత" అని గల్లీ గల్లీ వినేటట్టు అరిచిన మనిషి ఆయనే మరి. సోమవారం పొద్దున ఇశ్రాయేలు ఉతికిన చొక్కా తొడుక్కుని పోలీస్ స్టేషన్‌కు బయలుదేరాడు. కూతురు వీణ కుక్కను దుప్పట్లో చుట్టుకుని, తల్లి కృష్ణమ్మను వెంటబెట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది. నాలుగు ఆటోలు ఆగాయి, నాలుగూ ముందుకెళ్లిపోయాయి. "కుత్తా? నై అమ్మా, నై!" ఐదోసారి ఆగింది ఆటో కాదు, పాల క్యాన్ల ట్రాలీ. నడిపేది వైకుంఠం.

ఎక్కాలా, వద్దా అని వీణ కాలు గాల్లో ఉండగా మనం సెలవు తీసుకున్నాం. ఎక్కింది. ఎక్కక ఏం చేస్తుంది? కుక్క ప్రాణం పోతుంటే పౌరుషం ఎవరిక్కావాలి?

"గట్ల సూడకు బిడ్డా," అన్నాడు వైకుంఠం, అద్దంలోంచి వీణను చూస్తూ. "నాకేం మీ కుక్క మీద ప్రేమ లేదు. అది సచ్చిందనుకో, నా మెడకు సుట్టుకుంటది. గందుకే వచ్చిన. నేను పెట్టలే. నా బర్రెల మీద ఒట్టు."

వీణ మొహం రోడ్డు వైపు తిప్పుకుంది. ఒట్లు ఎవరు వేయరు? క్యాన్ల మధ్య కూర్చున్న కృష్ణమ్మ స్వీటీ తలను ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేస్తోంది. నిన్న సాయంత్రం నుంచి ఆమె నోటి నుంచి మనుషులతో మాట్లాడిన మాటలు పది కూడా ఉండవు. కుక్క కోసం ఇంత కుంగిపోయిందా అమ్మ అని వీణకు ఆశ్చర్యమే. మూడు పూటలా దాన్ని తిడుతూనే అన్నం పెట్టే మనిషి మరి.

స్వీటీకి ఆ ఇంట్లో ఉన్న స్థానం ఏమిటో ఒక్క ముక్కలో చెప్పుకోవాలి. ఇశ్రాయేలు రైల్వేలో గేటుమన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు పొద్దు గుంకితే చాలు, మనిషి ఇంట్లో ఉండేవాడు కాదు. తాగి, ఒకసారి పట్టాల పక్కన పడి ఉంటే నలుగురు మోసుకొచ్చారు. నాలుగేళ్ల కిందట వానలో తడుస్తున్న పిల్లకుక్కను స్టేషన్ నుంచి చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ఆనాటి నుంచి, సరిగ్గా తాగే వేళకు, దాని మెడకు తాడు కట్టి నడకకు పోవడం మొదలుపెట్టాడు. ఆరింటి లోకల్ రైల్లోంచి వీణ దిగేసరికి ఆ ఇద్దరూ ప్లాట్‌ఫాం చివర నిలబడి ఉంటారు. నాలుగేళ్లు చుక్క ముట్టలేదు. రెండేళ్ల కిందట చర్చి సంఘంలో పెద్దను కూడా చేశారు. ఇదంతా ప్రభువు కృప అంటుంది కృష్ణమ్మ. ప్రభువు కృపే, కాని ప్రభువు ఆ పనికి నాలుగు కాళ్ల మనిషిని పంపించాడని వీణకు గట్టి నమ్మకం. ఇప్పుడు అది పోతే సాయంత్రం ఆరింటికి బాపు ఎటు నడుస్తాడు? ఆ ప్రశ్న తలకెక్కినప్పుడల్లా ఆమె స్వీటీ పొట్ట మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందా అని చూసుకుంటోంది.

డాక్టర్ విశ్వేశ్వర్ అప్పుడే షట్టర్ ఎత్తించి, చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని ఉన్నాడు. స్వీటీని చూడగానే గ్లాసు పక్కన పెట్టేశాడు. బల్ల మీద పడుకోబెట్టించి, చిగుళ్లు చూశాడు, కళ్లు చూశాడు, పొట్ట నొక్కాడు. నొక్కితే ఎప్పుడూ గుర్రుమనే కుక్క కిక్కురుమనలేదు.

"రాత్రి మూత్రం పోసిందా?"

వీణ ఆలోచించింది. "లేదు సార్. నిన్నటి నుంచి పోయలేదు."

"నీళ్లు?"

"తాగింది. మళ్ల కక్కింది."

డాక్టరు ముందరి కాలు మీద ఇంత బొచ్చు గీకి, రక్తం తీశాడు. కొంత ఒక గాజు గొట్టంలో నిలబెట్టాడు, కొంత పక్క గదిలో మిషనులో పెట్టాడు. వైకుంఠం లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. వీణ ఆయన్ని చూపించి, "ఎలుకల మందు ఏ రకందో ఆయన్ని అడగండి సార్, ఆయనకే ఎర్క," అంది. అనేసి, ఆయన ట్రాలీలోనే వచ్చిన సంగతి గుర్తొచ్చి తల తిప్పుకుంది.

"నేను పెట్టలే సారూ," అన్నాడు వైకుంఠం గడప మీద నుంచే. "నోరు జారిన, గంతే. నోరు జారినందుకు ఉరేస్తరా?"

"లొల్లి బయట పెట్టుకోండి," అన్నాడు డాక్టరు. ఒక చీటీ రాసి ఆయనకే ఇచ్చాడు. "బండి ఉంది కదా, మెయిన్ రోడ్డు మీద మందుల షాపులో ఈ సెలైన్ బాటిళ్లు పట్రా. నా దగ్గర రెండే ఉన్నాయి. జల్దీ."

వైకుంఠం చీటీ పట్టుకుని పోయాడు. పావుగంటకు డాక్టరు పక్క గదిలోంచి వచ్చాడు. ఒక చేతిలో గాజు గొట్టం, ఒక చేతిలో మిషను ఇచ్చిన కాగితం. గొట్టాన్ని తలకిందులు చేసి చూపించాడు. రక్తం గడ్డ కట్టి ఉంది, కదల్లేదు.

"చూశారా? ఎలుకల మందుతో పడిపోయిన కుక్కకు రక్తం ఇట్లా గడ్డ కట్టదు. ఇంకో రకం మందు ఉంది, అదైతే రాత్రికే ప్రాణం తీసేది. ఇది ఎలుకల మందు పని కాదమ్మా."

"కాదా?" అంది వీణ.

"కాదు. దీని కిడ్నీలు పడిపోతున్నాయి. నిన్న మీరు ఖాయంగా చెప్పారు కదా అని నేను దానికే సూదులు వేశాను. పదహారు గంటలు దండగైపోయాయి. ఇప్పుడు నిజం చెప్పండి. నిన్న ఇది ఏం తిన్నది?"

ఖాయంగా చెప్పింది వీణే. డాక్టరు 'ఏమైనా అనుమానమా' అని అడిగితే, 'అనుమానం కాదు సార్, నాకు తెలుసు' అన్నది ఆమే. ఇంతసేపూ ఎవరి మీద పళ్లు కొరికింది? పోలీస్ స్టేషన్‌లో బాపు ఈ పాటికి ఏం రాసిచ్చి ఉంటాడు?

"పొద్దుగాల పాలల్ల రొట్టె," అంది తడబడుతూ. "మధ్యాహ్నం మటన్ బొక్కలు, అన్నం. గంతే సార్. రోజూ తినేదే."

"వాంతిలో ఏం పడింది?"

"నేను సూడలే. నేను వచ్చేసరికి అమ్మ కడిగేసింది."

"రెండోసారి?"

"రెండోసారి కూడ..." వీణ ఆగింది. రెండోసారి స్వీటీ వాంతి చేసుకున్నప్పుడు తను అక్కడే ఉంది. చూద్దామని వంగేలోపు అమ్మ బకెట్ నీళ్లు కుమ్మరించింది, ఫినాయిల్ పోసింది, చీపురుతో మోరీలోకి తోసేసింది. అంత హడావుడిగా అమ్మ ఇల్లు ఎన్నడూ కడగలేదు. వీణ మెల్లగా తల్లి వైపు తిరిగింది.

కృష్ణమ్మ గోడకానుకుని, కొంగు కొనను వేలికి చుట్టుకుంటోంది.

"అమ్మా, ఏం పడ్డది వాంతిల?"

"ఏమున్నది, అన్నం మెతుకులే."

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇట్లాంటి ఇళ్లను ఆయన చాలా చూసి ఉంటాడు. అరవకుండా, చిన్నపిల్లలకు ఎక్కం అప్పజెప్పించినట్టు వేళ్లు మడుస్తూ అడిగాడు. "చూడమ్మా, మనం తినేవన్నీ కుక్కకు పడవు. చాక్లెట్ పెట్టారా?"

"లేదు సారూ."

"ఉల్లిగడ్డ కూర?"

"లేదు."

"ద్రాక్షపండ్లు? కిస్మిస్?"

కృష్ణమ్మ చప్పున తలెత్తింది. చుట్టుకున్న కొంగు వేలి మీద నుంచి జారిపోయింది.

"కిస్మిస్సా?" అంది చివరికి. "కిస్మిస్ తింటే సస్తదా సారూ? పసిపోరగాండ్లకు పెడ్తం గద! బాలింతలకు పెడ్తం గద! గది మంచిది గద సారూ!"

"మనకు మంచిది. కుక్కకు విషం. కిడ్నీలు ఎండిపోతాయి. ఎంత తిన్నది?"

"పావు కిలో," అంది కృష్ణమ్మ. "ఇంక జర ఎక్కువనే ఉంటది. కేకు కోసం నానబెట్టిన జాడీ. మొత్తం దాని అన్నం తినే తలెల కుమ్మరించిన. ముందు ఇష్టంగ తిన్నది సారూ. తోక ఊపుకుంట తిన్నది."

వీణ తల్లి వంకే చూసింది. ఏమిటీ, కిస్మిస్ విషమా? ఆ విషం పెట్టింది అమ్మా? అదీ ఆ జాడీలోంచా?

ఆ జాడీ సంగతి తెలియని వాళ్లకు చెప్పాలి. క్రిస్మస్ వస్తోందంటే ఆ సంఘంలో ఆడవాళ్లది ఒక పద్ధతి. నవంబరులోనే ఎవరింట్లో వాళ్లు కిస్మిస్, నల్లద్రాక్ష, చెర్రీ ముక్కలు ద్రాక్షరసంలో నానబెట్టి జాడీలకు గుడ్డలు కడతారు. డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం పాస్టరమ్మ గీతాంజలి నలుగురు ఆడవాళ్లను తీసుకుని ఇంటింటికీ తిరిగి, జాడీలన్నీ మూత తీసి చూసి, ఒక పెద్ద డేక్సాలో కలిపించుకుపోతుంది. మర్నాడు మైదా, గుడ్లు, చక్కెరతో కలిసి అదంతా బేకరీకి పోతుంది. అక్కడ భట్టీలో వంతు ప్రకారం కేకులు కాల్చి తెచ్చుకుంటారు. ఎవరి జాడీ బాగుందో ఆ ఏడాదంతా చెప్పుకుంటారు కూడా. కృష్ణమ్మ జాడీకి మూడేళ్లుగా పేరుంది. ఈసారి పాస్టరమ్మ వచ్చే ఆదివారం నిన్ననే.

"అంత జాడీ కుక్కకు ఎందుకు పెట్టారు?" అన్నాడు డాక్టరు, ఒకవైపు స్వీటీ కాలికి సెలైన్ సూది గుచ్చుతూనే.

"పురుగు పట్టింది సారూ. పాస్టరమ్మ గేటు కాడికి వచ్చేసింది. పురుగులున్న జాడీ ఎట్ల సూపిస్త? పారబోస్తె పాపమని దానికి పెట్టిన."

"వాటిలో ఇంకేమైనా కలిసిందా? అడిగేది ఎందుకంటే, కిస్మిస్ తిన్న కుక్కకు ఆ రోజే కాళ్లు తడబడవు. నిన్న మీరు తెచ్చినప్పుడు అది తూలుతోంది. ఏదో ఉంది. ఏముందో తెలిస్తేనే నేను ఏ మందు ఎంత ఎక్కించాలో తేల్చుకోగలను."

"ఏం లేదు సారూ. ఉత్త ద్రాక్షరసం."

కృష్ణమ్మ అబద్ధం చెబుతోందని ఆ గదిలో తెలిసింది వీణకు ఒక్కదానికే. ఎట్లా తెలుసంటారా? జాడీలో ఉన్నది ఉత్త ద్రాక్షరసం కాదని ఆమెకు తెలుసు కాబట్టి. శుక్రవారం అమ్మ ఉపవాస ప్రార్థనకు పోయినప్పుడు, ఆ జాడీ గుడ్డ విప్పి, అర్ధ సీసా రమ్ము పోసింది తనే!

ఈ సంగతి వీణ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మనకు కూడా. చెప్పాల్సినంత పెద్ద సంగతి అని ఆమెకు తోస్తే కదా! కొరియర్ ఆఫీసులో పక్క కుర్చీ లావణ్య, "రమ్ము లేని ప్లమ్ కేకు ఏం కేకే? మా ఆయనది సగం సీసా మిగిలింది, తీస్కపో, భట్టీల పెడితే వాసన గిట్ల ఏముండదు," అంది. వీణ నవ్వుకుంటూ తెచ్చుకుంది. ఈసారి అమ్మ కేకు తిని పాస్టరమ్మ లొట్టలేస్తే చూడాలని సరదా పడింది. ఖాళీ సీసా ఆఫీసు చెత్తబుట్టలో పడేసి మర్చేపోయింది. సరదాకు చేసిన పనులన్నీ ఇట్లాగే ఎదురుపడతాయా?

అమ్మ ఎందుకు అబద్ధమాడుతోందో మాత్రం ఆమెకు అంతుబట్టలేదు. పురుగు పట్టిందట! రమ్ములో పురుగెట్లా బతుకుతుంది? అమ్మకు వాసన తెలిసింది. తెలిసీ దాస్తోంది. బల్ల మీద స్వీటీ ఒకసారి కళ్లు తెరిచి, తిప్పలేక తిప్పలేక వీణ వైపు తిప్పి, మళ్లీ మూసుకుంది. వీణ బల్ల దగ్గరికి జరిగింది.

"రమ్ము కలిసింది సార్," అంది. "అర్ధ సీసా."

డాక్టరు చెయ్యి ఆగిపోయింది. కృష్ణమ్మ అయితే, ఉలిక్కిపడి కూతురి రెక్క పట్టుకుంది. "ఏయ్! నోర్ముయ్! నీకెట్ల ఎర్క?"

"నేనే పోసిన గన్క."

"నువ్వా?"

"నేనే అమ్మా. శుక్రారం నాడు. కేకు మంచిగైతదని."

కృష్ణమ్మ కూతురి మొహంలోకి చూసింది. వెతికి వెతికి చూసింది. చేయి లేపింది. కొడుతుందనుకుని వీణ కళ్లు మూసుకుంది, కొట్టినా బాగుండుననుకుంది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచి చూస్తే తల్లి గోడ వెంట జారి కింద కూర్చుని ఉంది.

"మీ బాపు కాదా?" అంది. "మీ బాపు పొయ్యలేదా? అయ్యో ప్రభువా... నేను మీ బాపు అనుకున్న బిడ్డా! మూత తియ్యంగనే గుప్పుమన్నది. ఇరవై ఏండ్లు ఆ వాసన పక్కన పండుకున్నదాన్ని, నాకు తెల్వదా? మల్ల సురువు చేసిండు, సీసా దొరుకుతదని జాడీల పోసి దాసిండు అనుకున్న. గాయన గట్లనే దాస్తుండె గద, నీళ్ల బిందెల, బియ్యం డబ్బల! ఇంతల గేటు సప్పుడైంది. పాస్టరమ్మ! మూత తీసి వాసన సూసిందంటె ఏమైతది? సంఘం పెద్ద ఇంట్ల సారా అని అందరికి తెల్సిపోదా? ఇంక మీ బాపు తల ఎత్తుతడా? చేతికందిన తలె అదే. కుమ్మరించిన. మోరీల పోస్తె వాసన గల్లంత కొడ్తదని దీనికి పెట్టిన."

ఏడుస్తోంది, అందులోనే నవ్వుతోంది కూడా. ఆ నవ్వు చూసి వీణకు భయం వేసింది. "తాగలేదన్నట్టే మీ బాపు. నిన్నటి సంది గాయన మొఖం సూస్తలేను. అన్నం పెట్టి అటు తిరుగుతున్న. ఆయనేమో కుక్క కోసం ఫికరనుకున్నడు. తాగలేదు గద బిడ్డా? సాలు. గంతే సాలు నాకు."

చాలా? బల్ల మీద ఉన్నదాని సంగతేమిటి? వీణకు తల్లిని కౌగిలించుకోవాలనిపించింది, భుజాలు పట్టి ఊపేయాలనీ అనిపించింది. రెండూ చేయలేక నిలబడిపోయింది. తప్పు ఎవరిదని చెప్పుకోవాలి? అమ్మకు వాసన తెలుసు, కిస్మిస్ సంగతి తెలియదు. తనకైతే ఏదీ తెలియదు, అన్నీ తెలుసనుకుంది. వైకుంఠం ఒట్టు పెట్టుకుంటే వెక్కిరించింది.

"మీ ఇంటి పంచాయితీ తర్వాత," అన్నాడు డాక్టరు. కోపం పళ్ల బిగువున ఆపుకుంటున్నాడు. "రమ్ము మత్తు ఈ పాటికి దిగిపోయింది, దానితో ఇప్పుడు భయం లేదు. కిస్మిస్‌తోనే భయం. నిన్న సాయంత్రం ఈ ఒక్క మాట చెప్పి ఉంటే వాంతి చేయించి, కడుపు కడిగి, అప్పుడే సెలైన్ మొదలుపెట్టేవాణ్ని. సరే. ఇప్పుడు రెండు రోజులు ఆపకుండా ఎక్కించాలి. ఇదిగో, గొట్టం వేశాను. ఈ సంచిలోకి మూత్రం దిగితే కిడ్నీలు లేచినట్టు."

"దిగకపోతే?"

"సాయంత్రం దాకా చూద్దాం," అన్నాడు ఆయన.

బల్ల అంచుకు కట్టిన ప్లాస్టిక్ సంచి పొడిగా, ఖాళీగా వేలాడుతోంది. దాన్నే చూస్తూ వీణ తల్లిని లేపి బయటి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. నీళ్లు తాగించింది. రోడ్డు మీద బస్సులు, ఆటోలు, కూరగాయల బండ్ల వాళ్ల కేకలు. ఊరికేం పట్టింది? దాని పని అది చేసుకుపోతోంది.

కృష్ణమ్మ మొహం తుడుచుకుని, ఒకసారి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "బిడ్డా, ఈ ముచ్చట మనిద్దరి నడుమనే ఉండాలె. బాపుకు చెప్పకు. నువ్వు పోసినవని తెల్సినా ఆయన పానం ఒప్పదు. సంఘంల తెలిస్తె ఎవరు పోసిండ్రని అడుగరు, ఎవరింట్ల అని అడుగుతరు."

"మరి వైకుంఠం కాక? బాపు స్టేషన్‌ల కంప్లైంట్ ఇస్తుండు గదమ్మా!"

"మెల్లగ సద్దుకుందాం. కుక్క బతికినంక వాపస్ తీసుకుంటడు."

"బతకకపోతే?"

కృష్ణమ్మ దానికి జవాబు చెప్పేలోపే ట్రాలీ వచ్చి ఆగింది. వైకుంఠం ఒక చేత్తో సెలైన్ బాటిళ్ల సంచి, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని దిగాడు. మొహం నల్లబడి ఉంది. నడిచొచ్చి, ఫోనును వీణ ముందర పెట్టాడు.

"స్టేషన్‌కెల్లి ఫోను. కానిస్టేబుల్ చేసిండు, వచ్చి కూసోమంటుండు నన్ను. కుక్క నా బండ్లనే దవాఖానకు వచ్చిందంటె నమ్ముతలేడు. మీ బాపుకే ఇయ్యమన్న ఫోను. లైన్ల ఉన్నడు. నేను చెప్తె ఎవ్వరు ఇనరు. నువ్వు చెప్పు బిడ్డా, డాక్టర్ సాబ్ ఏమన్నడో. ఉన్నదున్నట్టు చెప్పు, సాలు."

స్పీకర్ ఆన్‌లోనే ఉంది. స్టేషన్‌లో ఫ్యాను కిర్రుమంటున్న చప్పుడు. దాని మీదుగా ఇశ్రాయేలు గొంతు, ఆత్రంగా. "వీణా! స్వీటీ ఎట్లున్నది? లేసిందా?"

"లేవలే బాపూ. సెలైన్ ఎక్కిస్తుండ్రు."

"ఇక్కడ సాబ్ అడుగుతుండు. కుక్క ఏం తిన్నదో డాక్టర్ చెప్పిండా అంటుండు. ఎలుకల మందని కాయితం రాయించుకో బిడ్డా. అది ఉంటెనే కేసు నిలబడతదంట."

కృష్ణమ్మ వీణ మోకాలు మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. వద్దన్నట్టు తల ఆడించింది. వీణ ఎదురుగా వైకుంఠం నిలబడి ఉన్నాడు, సెలైన్ సంచి బరువుకు ఒకవైపు వంగి. ఈ మనిషి పాలు పోయాల్సిన వేళ దాటిపోయి రెండు గంటలైంది. తలుపు సందులోంచి స్వీటీ తోక చివర కనిపిస్తోంది, కదలడం లేదు.

"ఎలుకల మందు కాదు బాపూ," అంది వీణ. "వైకుంఠం కాక ఏం పెట్టలే. మనమే తప్పు పట్టినం. కేకు జాడీల కిస్మిస్ తిన్నది. కుక్కలకు గది విషమంట. మనింట్లనే తిన్నది."

వైకుంఠం సంచి మెల్లగా కింద పెట్టి, తలకు కట్టిన తువ్వాల విప్పి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"కేకు జాడీలదా?" ఇశ్రాయేలు గొంతు మారింది. "మీ అమ్మ పెట్టిందా?"

"అమ్మకు తెల్వదు బాపూ. జాడీల సారా వాసన వచ్చిందని, పాస్టరమ్మ సూస్తదని భయపడి కుమ్మరించింది. నువ్వు పోసినవనుకున్నది. నువ్వు కాదు. నేను. రమ్ము నేనే పోసిన బాపూ. ఉత్తగ, కేకు రుచి కోసమని."

అటువైపు ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరో కుర్చీ జరిపారు. లైను తెగిందేమోనని వీణ ఫోను వైపు చూసింది. తెగలేదు.

"బాపూ?"

"నువ్వా బిడ్డా?" అన్నాడు ఇశ్రాయేలు చివరికి. ఆ గొంతు వీణ ఎరిగిన గొంతు కాదు. పక్కన పోలీసులున్నారన్న ధ్యాస కూడా ఉన్నట్టు లేదు. "శనారం పొద్దుగాల వంటింట్ల నీళ్లకు పోయిన. వాసన వచ్చింది. దేవుడు నాకు పరీక్ష పెట్టిండనుకున్న."

బెంచీ మీద కృష్ణమ్మ లేచి నిలబడింది.

"శనారం నాడు నేను ఆ జాడీ మూత తీసిన బిడ్డా," అన్నాడు ఇశ్రాయేలు.